పదిమందిలో ఒకడు, పదిమందికి ముందు

నెల్లూరు సీమలో ఆత్మకూరు దాటి పడమటికి పోయేకొద్దీ నేల తీరు మారిపోతుంది. పెన్న ఒడ్డు పచ్చదనం వెనకబడి మెట్ట మొదలవుతుంది. ఎర్రమట్టి, గులకరాళ్లు, వానను నమ్ముకున్న చేలు, వాటి వెనక వెలిగొండల వరస. ఆ వరసలోనే ఉదయగిరి దుర్గం ఉంది. ఎత్తు 3,079 అడుగులు. కింద ఊరు, పైన కూలిన బురుజులు, పాడుబడిన గుళ్లు, మసీదు. ఈ కొండ గురించి ఎవరిని అడిగినా ముందు చెప్పేది కృష్ణదేవరాయల మాటే. గజపతుల చేతిలో ఉన్న కోటను ఆయన గెలుచుకున్న కథ.

ఆ కథలో నన్ను పట్టి నిలిపేది గెలుపు కాదు, దానికి ముందు గడిచిన కాలం. పోర్చుగీసు గుర్రాల వర్తకుడు న్యూనిజ్ రాసిపెట్టిన దాన్నిబట్టి, రాయలు 34,000 మంది కాల్బలంతో, 800 ఏనుగులతో వచ్చి కోటను చుట్టుముట్టాడు. లోపల ఉన్నది 10,000 మంది కాలిబంట్లు, 400 గుర్రాలు. అంత గట్టి కోటకు అంతకుమించి అక్కరలేదు. ఆకలితో మాడ్చి లొంగదీసుకోవడం తప్ప వేరే ఉపాయం లేదు. పైకి ఉన్న తోవ ఒక్కటే. అది కూడా మనిషి వెనక మనిషి తప్ప ఇద్దరు పక్కపక్కన నడవలేనంత ఇరుకు. రాయల సేన బండలు పగలగొట్టి ఆ తోవను వెడల్పు చేసింది. కొండ చుట్టూ మరికొన్ని తోవలు తీసింది. ఇలా ఏడాదిన్నర సాగింది. 1513లో మొదలైన ముట్టడి 1514లో ముగిసింది. కోటలోని బాలకృష్ణ విగ్రహం విజయనగరం చేరింది. దానికోసం కట్టిన గుడి హంపిలో ఇప్పటికీ ఉంది.

ఏడాదిన్నర! యుద్ధమంటే మనకు గుర్తొచ్చేది కత్తుల చప్పుడు. కానీ ఈ కొండ కింద గుడారాలు వేసుకున్నవాళ్లకు చాలా రోజులు కత్తి దూసే పనే పడి ఉండదు. ఎండ, దాహం, బండరాళ్లు, రాత్రి కాపలా. ఎక్కడెక్కడి ఊళ్ల నుంచో వచ్చిన మనుషులు. ఇంటి దగ్గర పంట కోతకు వచ్చిందో లేదో తెలియదు, పెళ్లాం ప్రసవించిందో లేదో తెలియదు. అలాంటి చోట కొందరు రాత్రికి రాత్రి జారుకోవాలనుకుంటారు. కొందరు పక్క గుడారంతో గొడవ పడతారు. కొందరు కాపలాలో కునుకు తీస్తారు. వీటన్నిటినీ రాయలు చూడలేడు, పెద్ద నాయకులూ చూడలేరు. చూడగలిగినవాడు ఆ గుడారం పక్కనే పడుకున్నవాడు. పదిమందికో ఇరవైమందికో ముందు నడిచే చిన్న నాయకుడు. శాసనాల్లో అతని పేరు లేదు. ఇరుకు తోవలో సైన్యం ఒక్కొక్కరుగా నడిచిందంటే, వాళ్లలో ఒకడు అందరికంటే ముందు కాలు పెట్టి ఉండాలి కదా. ఈ వ్యాసం అతని గురించి.

ఇప్పటి మన సైన్యంలో అతనికి హోదాలున్నాయి. భుజం కింద ఒక పట్టీ ఉంటే లాన్స్ నాయక్, రెండుంటే నాయక్, మూడుంటే హవల్దార్. ఆపైన నాయబ్ సుబేదార్, సుబేదార్. సుమారు పదిమంది ఉండే దళాన్ని సెక్షన్ అంటారు. దాన్ని నడిపేది హవల్దారో నాయకో. మూడు సెక్షన్లు కలిస్తే ప్లటూన్. దాని బరువు చాలాచోట్ల సుబేదారు సాబ్ మీద ఉంటుంది. వీళ్లంతా సిపాయిలుగా చేరి, అదే బ్యారక్‌లో పడుకుని, అదే లంగరులో తిని, ఒక్కొక్క పట్టీ సంపాదించుకున్నవాళ్లు. అధికారి బదిలీ మీద వస్తాడు, వెళ్తాడు. హవల్దారు ఆ పలటనులోనే, అంటే బెటాలియన్‌లోనే ఉంటాడు. నిన్నటిదాకా పక్క మంచం మీద కూర్చుని చీట్లాడినవాడు, ఇవాళ పట్టీ పడగానే అదే మిత్రుణ్ణి ‘బూట్లు ఎందుకు తుడవలేదు?’ అని అడగాలి. అక్కడే ఈ ఉద్యోగంలోని అసలు ఇరకాటం మొదలవుతుంది.

బయటివాళ్లం అనుకునేదేమిటంటే, సైన్యంలో క్రమశిక్షణ శిక్షల భయం మీద నిలబడుతుందని. చట్టం చదివితే వేరే సంగతి కనబడుతుంది. 1950 నాటి ఆర్మీ చట్టంలో 80వ నిబంధన చిన్నచిన్న తప్పులకు విచారణ చేసి అప్పటికప్పుడు శిక్ష వేసే అధికారం ఇస్తుంది. 28 రోజుల దాకా సైనిక నిర్బంధం, 28 రోజుల దాకా లైన్లు దాటి పోకుండా కట్టడి, అదనపు కాపలాలు, మందలింపు, 14 రోజుల జీతం దాకా జరిమానా. అయితే ఆ అధికారం ఉన్నది కమాండింగ్ ఆఫీసరుకు, లేదా అందుకు నియమితుడైన అధికారికి. సెక్షన్ నడిపే హవల్దారు చేతిలో అది లేదు. అతను చేయగలిగింది తప్పును రాసి పైకి పంపడం, సిపాయిని అధికారి ముందు పేషీకి నిలబెట్టడం. అంతే కాదు, అదే చట్టంలో 47వ నిబంధన అతని వైపే వేలు చూపుతుంది. తన కింద ఉన్నవాణ్ణి కొట్టినా, హింసించినా కోర్టుమార్షల్ చేసి ఏడేళ్ల దాకా జైల్లో పెట్టవచ్చు. ఆ నిబంధనలో అధికారి, సుబేదారు, హవల్దారు అన్న తేడా లేదు.

మన రాజ్యాంగం 33వ అధికరణం కింద, సైనికుల ప్రాథమిక హక్కులను కుదించే అధికారం పార్లమెంటుకు ఉంది. అంటే సిపాయి మామూలు పౌరుడికి ఉన్న స్వేచ్ఛ కొంత వదులుకుని వచ్చినవాడు. సంఘం పెట్టుకోలేడు, పత్రికకెక్కలేడు. అలా వదులుకున్నవాడి మీద నాయకుడికి ఎంత పట్టు ఉండాలి, ఎక్కడ ఆగాలి అన్నది చట్టం ఆలోచించింది. పొద్దున లేచినప్పటి నుంచి రాత్రి రోల్‌కాల్ దాకా ఆ పదిమందిని దారిలో పెట్టే బాధ్యత ఎవరి మీద ఉందో, శిక్ష వేసే అధికారం అతనికి ఇవ్వలేదు. మొదట్లో ఇది నాకు లోపంగా తోచింది. ఆలోచించేకొద్దీ ఇందులో ఎంతో వివేకం ఉందనిపించింది. కోపం పుట్టేది దగ్గరలో. తీర్పు చెప్పవలసింది కొంచెం దూరంలో. ఆ రెండూ ఒకే చేతిలో పెడితే ఏమవుతుందో చరిత్రకు బాగా తెలుసు.

రోమన్ సైన్యంలో సుమారు ఎనభైమంది దళాన్ని నడిపే చిన్న నాయకుడి చేతిలో ద్రాక్షతీగ బెత్తం ఉండేది. అది అతని హోదాకు గుర్తు, శిక్షకు సాధనం కూడా. క్రీ.శ. 14లో పన్నోనియాలోని సేనలు తిరగబడినప్పుడు లూసిలియస్ అనే ఒకణ్ణి సిపాయిలే చంపేశారని చరిత్రకారుడు టాసిటస్ రాశాడు. ఒకడి వీపు మీద బెత్తం విరిగితే ‘ఇంకోటి తే’ అని అరవడం అతని అలవాటట. సిపాయిలు ఆ మాటనే అతనికి పేరుగా పెట్టారు. బెత్తాలు విరిగినన్నాళ్లూ ఆ దళం క్రమశిక్షణతో ఉన్నట్టే పైవాళ్లకు కనిపించి ఉంటుంది. లోపల పేరుకున్నది ఏమిటో ఆ ఒక్కరోజున బయటపడింది.

అంత దూరం పోనక్కరలేదు. మన నెల్లూరు సీమ కూడా మద్రాసు ప్రెసిడెన్సీలో భాగమైన కాలంలోనే, వేలూరు కోటలో అలాంటిదే జరిగింది. 1805 నవంబరులో మద్రాసు సైన్యానికి కొత్త ఉత్తర్వులు వచ్చాయి. కవాతులో నుదుట బొట్టు, విభూతి ఉండకూడదు, గడ్డం పెంచకూడదు, తోలు తురాయి ఉన్న కొత్త తలపాగా పెట్టుకోవాలి. 1806 మేలో వేలూరులోని 4వ రెజిమెంటు సిపాయిలు ఆ తలపాగా పెట్టుకోబోమన్నారు. ఒక హిందువుకు, ఒక ముస్లిముకు చెరో 900 కొరడా దెబ్బలు వేసి సైన్యం నుంచి పంపేశారు. మరో 19 మందికి 500 దెబ్బల చొప్పున విధించి, క్షమాపణ చెప్పుకున్నాక వదిలేశారు. పైకి అంతా సద్దుమణిగింది. జూలై 10 తెల్లవారకముందే కోట భగ్గుమంది. ఇంగ్లీషు సైనికులు వందమందికి పైగా చనిపోయారు. ఆర్కాటు నుంచి వచ్చిన దళాలు అదే రోజు కోటను తిరిగి పట్టుకుని అంతకు ఎన్నో రెట్లు నెత్తురు పారించాయి. తర్వాత ఆ ఉత్తర్వులు రద్దయ్యాయి. గవర్నరును, సేనాధిపతిని వెనక్కి పిలిపించారు.

ఈ కథలో ఒక ఘట్టం నన్ను ఎప్పుడూ వదలదు. తిరుగుబాటుకు కొన్ని వారాల ముందే ముస్తఫా బేగ్ అనే సిపాయి, లోపల ఏదో కుట్ర నడుస్తోందని తన కల్నలుకు చెప్పాడు. కల్నలు ఆ సంగతి తేల్చమని దేశీయ అధికార్లను, అంటే సుబేదార్లను, జమేదార్లను కూర్చోబెట్టాడు. వాళ్లు అదంతా అబద్ధమని, అతనికి మతి చలించిందని చెప్పారు. ముస్తఫా బేగ్‌ను నిర్బంధించారు. సిపాయికీ కల్నలుకూ నడుమ ఉండవలసిన మనుషులు అప్పటికే పూర్తిగా ఒక వైపు చేరిపోయారు. వాళ్లను తప్పుపట్టడం తేలిక. తమ మాట పైకి వెళ్తే వింటారన్న నమ్మకం వాళ్లకు మిగలలేదన్నది కూడా నిజం. తలపాగా గురించి సిపాయిలు ఏమనుకుంటున్నారో ఉత్తర్వు రాసేముందు ఆ సుబేదార్లను అడిగిందెవరు? కింద ఉన్న బాధ పైకి చేరే దారి మూసుకుపోయాక, పైనుంచి దిగే ఆజ్ఞకు కూడా దారి ఉండదు. చిన్న నాయకుడు ఆ రెండు దారులకూ కాపరి. ఆజ్ఞను కిందికి దించడం ఎంత ముఖ్యమో, గోడును పైకి మోయడం అంతే ముఖ్యం. మొదటిది చేసి రెండోది మరిచినవాడు క్రమశిక్షణను నిలబెడుతున్నానని అనుకుంటూనే దాన్ని లోపల గుల్లచేస్తాడు.

కొరడా పోయింది. ఇంగ్లీషు సైన్యంలోనే 1881లో కొరడా దెబ్బలు రద్దయ్యాయి. కానీ కొరడాకు చెల్లెలు ఒకటుంది, అది సిగ్గుపరచడం. అందులో మన నెల్లూరుకు సొంత కథే ఉంది. పదమూడో శతాబ్దంలో మనుమసిద్ధి కాలం. కనిగిరి వైపు అడవుల్లో ఆలమందల మేపుకు పుల్లరి కట్టే దగ్గర నెల్లూరు రాజుకూ, యాదవ నాయకుడు కాటమరాజుకూ పోరు వచ్చింది. రాజు తరఫున సేనతో వెళ్లినవాడు ఖడ్గ తిక్కన, మహాభారతం రాసిన తిక్కనకు దాయాది. ఆ పోరులో ఒకసారి తన బలగం చెదిరిపోతే ఆయన ఇంటికి తిరిగొచ్చాడట. వచ్చినవాడికి భార్య స్నానానికి నీళ్లు పెట్టి, ఆడవాళ్లకు పెట్టినట్టు మంచం అడ్డుపెట్టి, పక్కన పసుపుముద్ద ఉంచిందట. తల్లి విరిగిన పాలు పోసి, పసులూ నీలాగే విరిగాయని అందట. ఆయన ఆ పళంగా తిరిగి వెళ్లి పోరాడి ప్రాణం విడిచాడు.

ఈ కథను చిన్నప్పుడు వీరగాథగా విన్నాం. ఇప్పుడు వింటే ఆ తల్లీ భార్యల గుండెనిబ్బరం మీద గౌరవం తగ్గదు గాని, మరో ప్రశ్న కూడా వస్తుంది. బలగం చెదిరినప్పుడు వెనక్కి తగ్గి, మళ్లీ కూడగట్టుకోవడం ఏ సేనానికైనా అవసరమే. సిగ్గుతో తిరిగి వెళ్లినవాడు గెలవడానికి వెళ్లలేదు, చావడానికి వెళ్లాడు. నలుగురిలో పరువు తీస్తే మనిషి పరుగెత్తి పని చేస్తాడు, అందులో అనుమానం లేదు. కానీ ఆ పని వెనక ఆలోచన ఉండదు. ఇవాళ సెక్షన్‌లో ఒక కుర్రవాడి ఇంటిని, కులాన్ని, భాషను, ఒంటిని ఎత్తిచూపి నవ్వించే నాయకుడు ఉంటే, ఆ నవ్వుతో ఆ రోజుకు పని జరుగుతుంది. ఆ కుర్రవాడు మాత్రం ఆ రోజు నుంచి తప్పు దాచడం నేర్చుకుంటాడు. తుపాకీ తుడవలేదని చెప్పడు. కాలు బెణికిందని చెప్పడు. నిద్ర పట్టడం లేదని చెప్పడు. సైన్యంలో దాచిన తప్పు బయటపడేది చాలా ఖరీదైన రోజున.

మరి ఏది పనిచేస్తుంది? రిటైరై ఊరికొచ్చిన హవల్దార్లు మెట్ట పల్లెల్లో, నెల్లూరు పట్నంలో బ్యాంకుల ముందు కాపలా ఉద్యోగాల్లో కనిపిస్తుంటారు. వాళ్లను కాస్త కదిపితే యుద్ధాల కంటే ఎక్కువగా చిన్నచిన్న సంగతులే చెబుతారు. పొద్దున ఫాలిన్‌కు ఎవడు చివర్లో వస్తాడు, ఎవడి మంచం సర్దలేదు, ఎవడు లంగరులో సగం అన్నం వదిలేశాడు, ఎవడు ఫోను పెట్టేశాక మాట్లాడడం మానేశాడు. చూడటం, ముందుగా చూడటం, రోజూ చూడటం. మా మెట్టలో చెరువు కట్ట మీద ఎలుక బొక్క కనిపిస్తే పొద్దునే పిడికెడు మట్టితో పూడుస్తారు. ఆ పూట బద్ధకిస్తే రాత్రి గండికి ఊరంతా పలుగులూ పారలూ పట్టుకుని పరుగెత్తినా నీళ్లు ఆగవు. సెక్షన్ నడిపేవాడి పని ఎక్కువగా ఆ పిడికెడు మట్టి పనే.

మొదటిది, తను చేయనిది అడగకపోవడం. బరువైన పిట్టూ, అంటే వీపు మూట, మోసి పది కిలోమీటర్లు నడవమన్నవాడు తన పిట్టూలో బరువు తగ్గించుకుంటే, ఆ సంగతి సాయంత్రానికి పదిమందికీ తెలుస్తుంది. బ్యారక్‌లో రహస్యాలు నిలవవు. నాయకుడి గడ్డం, బూట్లు, తుపాకీ, మాట, మద్యం, అప్పు అన్నీ పదిమంది కళ్ల ముందే ఉంటాయి. అధికారి ముందు సావధాన్‌లో నిలబడటం సులువు. తన సిపాయిల ముందు రోజంతా అదే మనిషిగా ఉండటం కష్టం.

రెండోది, పంపకంలో న్యాయం. ఛుట్టీ ఎవరికి ముందు, రాత్రి రెండు గంటల సంత్రీ డ్యూటీ ఎవరికి, పండగ రోజున ఎవరు ఆగాలి, ఎవరు వెళ్లాలి. మద్రాసు రెజిమెంటులో తెలుగు, తమిళ, మలయాళ, కన్నడ కుర్రాళ్లు కలిసి ఉంటారు. తన భాషవాడికి సంక్రాంతి ఛుట్టీ రాసి, పక్క భాషవాడికి ఓణం ఛుట్టీ ఎగ్గొడితే ఏ ఉపన్యాసమూ ఆ సెక్షన్‌ను కలిపి ఉంచలేదు. తనకిష్టమైనవాడి తప్పు దగ్గర నాయకుడు ఏం చేస్తాడన్నదే అందరూ కనిపెట్టుకుని ఉంటారు. అక్కడ నిక్కచ్చిగా ఉన్నవాడి మందలింపును మిగతావాళ్లు చేదుగా తీసుకోరు.

మూడోది, శిక్ష పనిలో భాగంగా ఉండటం. శిక్షణ కేంద్రంలో ఉస్తాదులు చేయించే రగడా గురించి వెళ్లొచ్చినవాళ్లంతా చెబుతారు. దొర్లడం, కప్పగంతులు, తలమీద తుపాకీ పెట్టుకుని పరుగు. ఒకడు ఆలస్యంగా వస్తే ప్లటూన్ మొత్తానికి పరుగు. కొత్తగా చేరినవాడికి అందులో ఒక పాఠం ఉంది. ఇక్కడ నీ తప్పు నీ ఒక్కడిదే కాదు, నీ పక్కవాడి కాళ్లను కూడా నొప్పిపెడుతుంది, రేపు అతని ప్రాణం మీదికి తెస్తుంది. ఆ పాఠం వరకు అది సరే. పాఠం అయిపోయాక కూడా అదే కొనసాగితే అది నాయకుడి కోపం తీర్చుకోవడమే. తుపాకీ సరిగా తుడవనివాడి చేత మరో మూడు తుపాకులు తుడిపిస్తే పని నేర్చుకుంటాడు, తుపాకులూ శుభ్రపడతాయి. అదే తప్పుకు ఎండలో మోకాళ్ల మీద నడిపిస్తే మోకాళ్లు చెడతాయి, తుపాకీ అలాగే ఉంటుంది. ఏ శిక్ష ఎందుకు వేశాడో సిపాయి తన నోటితో చెప్పగలిగితే ఆ శిక్ష న్యాయమైనదని నా నమ్మకం.

నాలుగోది, పైకి రాయవలసిన తప్పును రాయడం. ఇది చాలామంది మంచి నాయకులు తడబడే చోటు. పక్క మంచం వాడు, ఒకే సంవత్సరం చేరినవాడు, కష్టంలో డబ్బు సర్దినవాడు కాపలాలో తాగి దొరికితే ఏం చేయాలి? దాచితే స్నేహం నిలుస్తుంది, పదిమంది ప్రాణం అప్పు పడుతుంది. రాస్తే ఒక స్నేహం పోవచ్చు. మంచి హవల్దారు అతణ్ణి పేషీకి నిలబెట్టి, ఆ సాయంత్రమే అతని మంచం దగ్గరికి వెళ్లి కూర్చుంటాడు. శిక్ష పడినవాడితో మాట్లాడటం మానేయడు. తప్పుకు లెక్క తేలింది, మనిషి మనవాడే. ఈ రెండూ ఒక్కరోజులో చేయగలిగినవాడు నా దృష్టిలో గొప్ప నాయకుడు, అతని చేతిమీద రెండు పట్టీలే ఉన్నా సరే.

ఇదంతా ఎందుకో తెలియాలంటే ప్రపంచంలో ఎత్తయిన కాపలా చోట్లకు మనసును పంపాలి. సియాచిన్‌లో బయటి గాలికి ఉత్త చేత్తో తుపాకీ ఇనుము పట్టుకుంటే చర్మం అంటుకుపోతుంది. కాలివేళ్లు తిమ్మిరెక్కి నొప్పి తెలియకుండా పోయాక, చూస్తే అప్పటికే నల్లబడి ఉంటాయి. అందుకే అక్కడ మేజోళ్లు మార్చావా, వేళ్లు కదిలించావా, నీళ్లు తాగావా అని అడగటం తల్లి చేసే పనిలా కనిపించినా, అది ఆజ్ఞే. తాడు కట్టుకోకుండా మంచుమీద ఒక్క అడుగు వేయకూడదన్నదీ ఆజ్ఞే. 2016 ఫిబ్రవరి 3న 19,600 అడుగుల ఎత్తున సోనమ్ పోస్టు మీద మంచుకొండ విరిగిపడింది. అక్కడ ఉన్నవాళ్లు 19వ మద్రాసు బెటాలియన్‌కు చెందిన ఒక సుబేదారు, ఆయనతో తొమ్మిది మంది. వాళ్లలో అప్పటి కర్నూలు జిల్లా పార్నపల్లె నుంచి వెళ్లిన సిపాయి ముస్తాక్ అహ్మద్ ఒకరు. లాన్స్ నాయక్ హనుమంతప్పను ఆరో రోజున మంచుకింద నుంచి ప్రాణాలతో తీశారు. ఫిబ్రవరి 11న ఆయనా కన్నుమూశారు. అంతటి ఉత్పాతాన్ని ఏ క్రమశిక్షణా ఆపలేదు. కానీ ఆ పోస్టు మీద గడిచిన అన్ని రోజులూ, ఒక సుబేదారు తొమ్మిది మంది వేళ్లను, ఊపిరిని, నిద్రను లెక్కపెట్టుకుంటూ ఉండవలసిన రోజులే. అలాంటి చోట భయపెట్టడానికి ఏం మిగిలి ఉంది? అక్కడ చావు కంటే పెద్ద శిక్ష ఎవరూ వేయలేరు. నమ్మకం ఒక్కటే పనిచేస్తుంది.

నమ్మకం మీద నిలిచే క్రమశిక్షణకు సైన్యమే కానక్కరలేదు. ఉదయగిరి వైపే కలిగిరి మండలంలో దూబగుంట ఉంది. 1990ల మొదట్లో రాత్రి బడిలో అక్షరాలు దిద్దుకుంటున్న ఆడవాళ్లు, పాఠంలో సారా కథ చదివి, ఒకరినొకరు చూసుకుని, ఊళ్లో సారా కొట్టు మూయించారు. వాళ్లలో రోశమ్మగారి పేరు రాష్ట్రమంతా తెలిసింది. ఆ కదలిక జిల్లా దాటి పాకింది. 1993 అక్టోబరు నుంచి రాష్ట్రంలో సారా నిషేధం వచ్చింది. ఆ ఆడవాళ్లకు పట్టీలు లేవు, పేషీలు లేవు. అయినా ఒకరు రాకపోతే మరొకరు ఇంటికెళ్లి పిలుచుకొచ్చారు, పొద్దూ రాత్రీ వంతులేసుకుని కాపు కాశారు. తమతోపాటు నిలబడేవాళ్ల మాటకు మనిషి ఎంతగా కట్టుబడతాడో ఈ మెట్ట నేల అంత బాగా చూపించింది.

ఇప్పుడు ఆత్మకూరులోనూ, ఉదయగిరిలోనూ తెల్లవారుజామున రోడ్ల పక్కన, కాలేజీ మైదానాల్లో కుర్రాళ్లు పరుగెత్తుతుంటారు. సైన్యం భర్తీ ర్యాలీకి 1,600 మీటర్ల పరుగు, పుల్‌అప్స్, తొమ్మిది అడుగుల గుంత దూకడం. వానమీద ఆధారపడిన ఇళ్లలో నెలజీతం అంటే ఏమిటో తెలిసినవాళ్లు వాళ్లు. 2022 జూన్‌లో అగ్నిపథ్ వచ్చాక వాళ్లలో ఎంపికైనవాళ్లు నాలుగేళ్లకు అగ్నివీరులుగా వెళ్తున్నారు. శిక్షణ ఆరు నెలలు. నాలుగేళ్ల తర్వాత నలుగురిలో ఒకరికి మించి సైన్యంలో కొనసాగే వీలు లేదన్నది ఆ పథకం పెట్టిన నియమం.

ఈ మార్పు అన్నిటికంటే ఎక్కువ తగిలేది చిన్న నాయకుడికే. ఇదివరకు ఒక నాయక్ కింద చేరిన సిపాయి పదిహేనేళ్లు అదే పలటనులో ఉండేవాడు. అతని ఊరు, పెళ్లి, పిల్లలు, కోపం, భయం అన్నీ తెలుసుకోవడానికి కాలం ఉండేది. ఇప్పుడు అదే ఎరుక నాలుగేళ్లలోపే రావాలి. అందులోనూ పక్కపక్క మంచాల మీద పడుకున్న నలుగురికీ తమలో ఒకడే మిగులుతాడని తెలుసు. పోటీ ఉన్నచోట ఒకడు మరొకడి తప్పును పైకి మోయడం సులువు. ఒకడి కాలు బెణికితే మరొకడు అతని పిట్టూ మోయడం కష్టం. ఆ సెక్షన్ నడిపే హవల్దారు ఎవరిని మెచ్చుకుంటాడో చూసి ఆ నలుగురూ తమ నడత దిద్దుకుంటారు. అందరికంటే వేగంగా పరుగెత్తినవాణ్ణే మెచ్చితే నలుగురూ ఒంటరిగా పరుగెత్తుతారు. వెనకబడినవాణ్ణి లాక్కొచ్చినవాణ్ణి కూడా మెచ్చితే వాళ్లొక సెక్షన్ అవుతారు. ఏ ఉత్తర్వూ చేయలేని పని ఇది.

మన ఊళ్లలో బిడ్డ సైన్యానికి ఎంపికైతే ఊరేగింపు చేస్తాం, దండలు వేస్తాం. ‘పెద్దవాళ్ల మాట విను నాయనా’ అని తల్లి చెప్పి పంపుతుంది. ఆ పెద్దవాళ్లు ఎలాంటివాళ్లన్నది తల్లి చేతిలో లేదు. అందుకే సైన్యం హవల్దారు బడి మీద, నాయక్‌ను తయారుచేసే చదువు మీద ఎంత శ్రద్ధ పెడితే అంత మంచిదని నేను గట్టిగా నమ్ముతాను. కొత్త తుపాకీకి ఎంత ఆలోచిస్తామో, ఆ తుపాకులు పట్టిన పదిమందిని నడిపేవాడి ఎంపికకు అంతకంటే ఎక్కువ ఆలోచించాలి. అతని సిపాయిలు ఎన్నిసార్లు పేషీకి నిలబడ్డారన్నది ఒక లెక్క. నిలబడవలసిన అవసరం రాకుండా ఎన్ని తప్పులు మొలకలోనే ఆగాయన్నది ఏ రిజిస్టరులోనూ ఎక్కని లెక్క. అతని ఉద్యోగమంతా ఆ రెండో లెక్కలోనే ఉంది.

ఇవాళ ఆత్మకూరు మైదానంలో పరుగెత్తుతున్న కుర్రాళ్లలో కొందరి చేతిమీదికి కొన్నేళ్లలో పట్టీలు వస్తాయి. అప్పుడు వాళ్లకు ఒక ప్రశ్న ఎదురవుతుంది. నేను ఇక్కడ లేనప్పుడు కూడా ఈ పదిమంది ఇలాగే ఉంటారా? అవునని నిజాయితీగా చెప్పుకోగలిగిన రోజున వాళ్లు నాయకులైనట్టు. అప్పటిదాకా పట్టీ అనేది సైన్యం వాళ్లమీద పెట్టుకున్న నమ్మకం మాత్రమే. దాన్ని రోజూ పొద్దున ఫాలిన్‌కు ముందు, అందరికంటే ముందు లేచి సంపాదించుకోవాలి.